దర్జీకి మిగిలిన మాట

పక్షవాతం వచ్చి తగ్గాక దర్జీ నోట ఒకే ఒక్క మాట మిగిలింది: బొత్తాం. ఆకలేసినా బొత్తామే, కోపమొచ్చినా బొత్తామే. మాటలు నేర్పే డాక్టరమ్మ ఆర్నెల్లుగా ఆయనకు బొమ్మల అట్టలు చూపిస్తోంది. పిల్లిని చూపినా బొత్తాం, పడవను చూపినా బొత్తాం. తన చదువంతా బూడిదలో పోసిన పన్నీరవుతోందని ఆమెకు దిగులు.

ఒక వారం ఆయన ఆసుపత్రికి రాలేదు. ఏమైందోనని మధ్యాహ్నం ఆమే కుట్టుకొట్టుకు వెళ్లింది. దర్జీ బల్ల పక్కన కుర్చీలో ఉన్నాడు. భార్య పంతులుగారి చొక్కా కోసం నీలం గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తోంది.

"బొత్తాం," అన్నాడాయన సాగదీస్తూ.

"భుజం దగ్గరా?"

"బొత్తాం!" విసుక్కున్నాడు.

"మరెక్కడండీ? పంతులుగారి కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయిగా!"

ఆయన ఎడమచేత్తో పొట్ట తట్టుకుని, లోపలికి బిగబట్టి, కళ్లు ఎగరేశాడు. "బొత్తాం, బొత్తాం."

భార్య పకపకా నవ్వింది. "అవునండోయ్! కొలిచేటప్పుడు పొట్ట లాక్కుని నిలబడతాడు మహానుభావుడు! రెండంగుళాలు వదులు పెడతా."

గుమ్మంలోంచి డాక్టరమ్మ ఇదంతా చూసింది. తన పుస్తకాల ప్రకారం ఆ గదిలో ఇప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా గుడ్డ మీద గీత జరిగింది.

"ఆయన చెప్పేది మీకెలా తెలుస్తుంది, పిన్నిగారూ?"

"తెలీదమ్మా. ముందు తప్పే అంటాను. కాదంటారు. మళ్లీ అంటాను. ఇద్దరం కలిసి వెతుక్కుంటాం. పెళ్లైన కొత్తలో ఆయనకి బోలెడు మాటలుండేవి. అప్పుడే ఎక్కువ పొరబడేదాన్ని!"

డాక్టరమ్మ స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన తల దించుకుని, "బొత్తాం," అన్నాడు.

మామూలుగా అయితే ఆమె దిద్దేది. ఇవాళ అడిగింది. "ఒంట్లో బాగాలేదా, బాబాయిగారూ?"

తల అడ్డంగా ఊపాడు.

"నా మీద కోపమా?"

మళ్లీ ఊపాడు. వేలితో గాలిలో చిన్న చతురస్రం గీసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ అట్టల ముందు... చిన్నతనంగా ఉంటోందా?"

ఆయన కళ్లు నిండాయి. "బొత్తాం," అన్నాడు మెల్లగా, ఆమె చెయ్యి పట్టుకుని.

ఇంత విశాలమైన మాట ఆమె ఎక్కడా వినలేదు. మరుసటి వారం నుంచి ఆయన పాఠం కొట్లోనే సాగింది. అడగడం ఆమె వంతు, దిద్దడం ఆయన వంతు.