ఆరింటి బస్సు

మీటింగున్న రోజు కృపావతి తెల్లారకముందే లేచి, రెండు పూటలకూ వండి మూతలు పెట్టి, పొద్దుటి బస్సుకు పరిగెత్తేది. బొండిపుట్టులో ఆమె అంగన్‌వాడీ కార్యకర్త. నెలకు రెండుసార్లు పాడేరులో మీటింగు. అది ముగిసేసరికి అయిదు దాటేది. కొండమీదికి ఆఖరి బస్సు మూడింటికే వెళ్ళిపోయేది. ఆ రాత్రికి పాడేరులోనే, బట్టలు కుట్టే కమల ఇంట్లో ఉండిపోయేది. "ఉద్దోగమేటో గాని, నెలకి రెండు దినాలు మాకు సల్లన్నం," అనేవాడు భర్త సోమన్న. అన్నం చల్లారిందన్న మాటే గానీ, వండిన మనిషి ఎప్పుడు లేచిందన్న మాట పద్నాలుగేళ్ళలో అతని నోట ఆమె వినలేదు.

తొంభై ఎనిమిది వానాకాలంలో పక్కింటి గాసి కూతురు గంగ చదువు ఆగిపోయింది. పాడేరులో ఇంటర్ క్లాసులు వదిలేసరికి బస్సుండేది కాదు. తొమ్మిది కిలోమీటర్లు నడిచొచ్చేది. ఒక సాయంత్రం జీపులో ఇద్దరు మగాళ్ళు ఘాట్‌రోడ్డు పొడుగునా నింపాదిగా ఆమె వెనకే వచ్చారు. మర్నాడే గాసి పుస్తకాలు అటకెక్కించాడు.

ఆ పిల్ల ముఖం చూశాక కృపావతికి నిద్ర పట్టలేదు. సాయంత్రం బస్సు కావాలని అర్జీ తానే రాసింది. మూడు ఊళ్ళు తిరిగి వేలిముద్రలు వేయించింది. అధికారుల దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళింది. బస్సు మీద వచ్చే నష్టం గిరిజన సంక్షేమ నిధుల్లోంచి భరిస్తామని ఏడాది తిరిగాక కాగితం వచ్చింది. ఆరింటి బస్సు మొదటిసారి ఊళ్ళోకొచ్చిన రోజు దండ సోమన్న మెడలో పడింది. "మా ఆడది కూడా రెండు కాయితాలు రాసింది," అన్నాడతను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తర్వాతి మీటింగు రోజున ఏడింటికల్లా ఇంటిముందు దిగింది. పొద్దున రెండు పూటలకని వండినదంతా మధ్యాహ్నమే అయిపోయింది, పొయ్యి చల్లగా ఉంది. గడపలో కూర్చున్న అత్త తల తిప్పకుండానే అంది: "బస్సుంది గదా, నువ్వొస్తావని పొయ్యి ఎలిగించనేదు."

కృపావతి చీర మార్చుకోకుండానే పుల్లలు పేర్చింది. పొగలో కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది, తను పోగొట్టుకున్నదేమిటో. కమల కంచంలో అన్నం పెట్టి "తిను" అనేది. తను గోడకు చేరగిలబడి తినేది. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, ఎవరికీ ఏదీ అందించక్కర్లేదు. ఆ రెండు సాయంత్రాలనూ కష్టమనే అనుకుంది. 'మహిళా ఉద్యోగులు పరాయి ఇళ్ళలో తలదాచుకోవలసి వస్తున్నది' అని అర్జీలో తన చేత్తోనే రాసింది. ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే నవ్వరా?

గంగ మళ్ళీ కాలేజీలో చేరింది. బస్సులో పక్కన కూర్చుని, "నువ్వు రాయకపోతే ఈపాటికి నాకు పెళ్ళి సేసీసుందురు అత్తా," అనేది. కృపావతి కిటికీ వైపు ముఖం తిప్పుకునేది. ఈ బస్సు దారిలో పాడైపోతే బాగుణ్ణని కొన్ని సాయంత్రాలు అనిపించేది. అంతలోనే ఆ పిల్లను చూసి సిగ్గుతో కుంచించుకుపోయేది. అలా ఎనిమిది నెలలు, పదహారు మీటింగులు. పదహారుసార్లూ సంచి దించకముందే పొయ్యి ముందు కూర్చుంది.

పదిహేడో మీటింగు నాడు గంగను బస్సెక్కించి, మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది. రేపు గడపలో ఏం ఎదురవుతుందో తెలుసు. సోమన్న చెయ్యి ఎంత బరువో కూడా తెలుసు. ఈ ఒక్క పూటతో ఏదీ మారదనీ తెలుసు. కాలు వెనక్కి తీసుకుంది. రేపు పొద్దున్నొస్తానని ఇంట్లో చెప్పమంది.

"మీటింగు అవనేదని సెప్పనా అత్తా?" కిటికీలోంచి అడిగింది గంగ.

"వొద్దు. మీటింగు అయిపోయింది, బస్సూ వొచ్చింది, నేనే ఎక్కనేదని సెప్పు."