అద్దం ఇవతల

"పాపం, మనిషి ఎంత చిక్కిపోయాడో చూడు," అన్నారు మా ఆయన, పేపరు నా ముఖం ముందుకు తెచ్చి. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఆయన చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి అప్పుడే పెట్టె ఆనించాను. ఫొటోలో 'తేనెగొంతు' గడ్డం పెంచుకుని, కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూస్తున్నాడు. మా రేడియోలో పద్నాలుగేళ్ళు పొద్దుటి కార్యక్రమం నడిపిన మనిషి. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, శ్రోతలు పెట్టిన పేరే మిగిలింది. స్టేషన్లో ఫోన్లు తీసే అమ్మాయి మీద చెయ్యి వేశాడన్న గొడవలో ఏడాది క్రితం ఇంటికి పోయాడు. వచ్చే సోమవారం తిరిగి వస్తున్నాడు. "మనిషన్నాక ఎక్కడో అక్కడ కాలు జారుతుంది. అయినా విచారణలో ఏం తేలింది? ఏమీ తేలలేదుగా. ఇంకో అవకాశం ఇవ్వాలి కదా," అన్నారు మా ఆయన. "ఇవ్వాలి," అన్నాను కాలరు రెండోవైపు తిప్పి రుద్దుతూ. అంత గట్టిగా రుద్దానేమో, పైగుండీ ఊడొచ్చింది.

నాకు కోపం వచ్చిందని మీరనుకుంటే అది మీ మంచితనం. నాకు వచ్చింది కుళ్ళు. అచ్చమైన, కడుపులో మంటగా తెలిసే కుళ్ళు. ఆ గడ్డం చూసి కుళ్ళు, ఆ కిటికీ చూసి కుళ్ళు, 'పాపం' అన్న ఆ ఒక్క మాట వినీ కుళ్ళు. పదహారేళ్ళ కాపురంలో మా ఆయన నన్ను చూసి 'పాపం' అన్నది ఒకే ఒక్కసారి. అదీ నన్ను కాదు, నా చేతిలోంచి పడి పగిలిన ఆయన కప్పును.

తొమ్మిదేళ్ళ క్రితం నేనూ మైకు ముందు కూర్చునేదాన్ని. సాయంత్రం ఆరునుంచి ఏడు నాది. ఒకరోజు పాట వేసి, మైకు కట్టేశాననుకుని, ఇంటినుంచి వచ్చిన ఫోను ఎత్తాను. అత్తయ్య. అబ్బాయి ఆఫీసునుంచి వచ్చాడు, టీపొడి ఎక్కడుంది అంది. చెప్పాను. పాలు ఎక్కడున్నాయి అంది. చెప్పాను. చక్కెర ఎంత వెయ్యాలి, గిన్నె ఏది, ఇంతకీ నువ్వెప్పుడొస్తావు అంది. "అత్తయ్యా, మీ అబ్బాయికి చేతుల్లేవా?" అన్నాను. మైకు తెరిచే ఉంది. పాట మీదుగా ఆ మాట ఊరంతా వెళ్ళింది. కూరగాయల బజారులో, బస్సుల్లో, మా ఆయన ఆఫీసు క్యాంటీన్లో.

ఆ తర్వాత నాకూ ఒక పేరు వచ్చింది. 'చేతుల్లేవా మేడం.' మా ఆయన కొలీగులు పొద్దున్నే ఆయన టేబులు దగ్గరకొచ్చి, "ఏవండీ, చేతులు మొలిచాయా?" అని అడిగి వెళ్ళేవారట. "నా పరువు పాటలో కలిపి ప్రసారం చేశావు," అన్నారు ఆయన. ఆ మాట బావుందని నాకు అప్పుడే అనిపించింది, నవ్వలేదు. అత్తయ్య పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు, కావలసినవి మాత్రం పిల్లలతో చెప్పించి చేయించుకుంది. మేనేజరు గారు పిలిచి, "జనం మరిచిపోయేదాకా కొన్నాళ్ళు లోపలి పని చూడమ్మా," అన్నారు. నన్ను స్టూడియోలోంచి అద్దం ఇవతలికి మార్చారు. అవతల మైకు ముందు ఎవరో మాట్లాడతారు, ఇవతల నేను మీటలు జరుపుతాను. మీట పైకి జరిపితే వాళ్ళ గొంతు ఊరికి వినిపిస్తుంది, కిందికి లాగితే ఆగుతుంది. మూడేళ్ళ తర్వాత ఒకసారి, ఆరేళ్ళ తర్వాత ఒకసారి మేనేజరు గారిని అడిగాను. "జనం ఇంకా నవ్వుతున్నారమ్మా," అన్నారు రెండుసార్లూ. ఇంట్లో చెబితే, "ఒకసారి నవ్వులపాలైంది చాల్లేదా?" అన్నారు మా ఆయన. ఇప్పుడు 'ఇంకో అవకాశం' అంటున్నది ఆ నోరే. నన్ను అద్దం ఇవతలికి తోసిన రోజు నన్నెవరూ కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫొటో తీయలేదు. నేను చిక్కలేదు కూడా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆరుగురికి వంట చేశాను.

ఆ రోజు నేను స్టేషన్‌కు వెళ్ళేసరికి మేనేజరు గారు నాకోసం చూస్తున్నారు. "తేనెగొంతు మొదటిరోజు రెండు ముక్కలు మాట్లాడాలి. పశ్చాత్తాపంలాగా ఉండాలి, మరీ తప్పు ఒప్పుకున్నట్టు ఉండకూడదు. నువ్వైతే బాగా రాస్తావు," అన్నారు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "సోమవారం సాఫీగా జరిగిపోతే, మధ్యాహ్నం అరగంట నీకిచ్చేద్దామనుకుంటున్నా. నీకు మాత్రం ఎన్నాళ్ళిలా?" అన్నారు. దాచడమెందుకు, నా కాళ్ళు భూమ్మీద నిలవలేదు. మెట్లు దిగుతూ "అందరికీ నమస్కారం" అని లోలోపల రెండుసార్లు అనుకుని చూసుకున్నాను. గొంతు అలాగే ఉంది.

ఇంటికొచ్చి, ఒకపక్క పొయ్యి మీద గిన్నె చూసుకుంటూ, గట్టు మీద కాగితం పెట్టుకుని అతని పశ్చాత్తాపం రాశాను. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గీతలు పెట్టాను. 'ఈ ఏడాదిలో నేను నేర్చుకున్నది ఒక్కటే' దగ్గర, ఒక క్షణం ఆగాలి అని పక్కన రాశాను. 'మీరు క్షమిస్తే' దగ్గర, గొంతు కొంచెం తగ్గాలి అని రాశాను. చదివి చూసుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి క్షమాపణ నాకెవరూ రాసిపెట్టలేదే అని మళ్ళీ కడుపు మండింది. అరగంట సంగతి చెబితే, "వంట వేళకి కుదురుతుందా? చూద్దాంలే," అన్నారు మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

శనివారం అత్తయ్యను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. హాలు నిండా జనం. అత్తయ్య కళ్ళలో చుక్కలు వేయించుకుని, తల వెనక్కి వాల్చి కూర్చుంది. పైనున్న స్పీకరులోంచి టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. నలభై ఒకటి. నలభై రెండు. "ఎంత బావుందే గొంతు. నంబర్లు పిలుస్తున్నట్టు లేదు, మన ఇంటికొచ్చి మనల్ని పలకరిస్తున్నట్టుంది," అంది అత్తయ్య కళ్ళు మూసుకునే. నాకు ఆ గొంతు నలభై ఒకటి దగ్గరే తెలిసిపోయింది. ఫోన్ల అమ్మాయి. కౌంటరు వెనక చిన్న మైకు ముందు కూర్చుని ఉంది. సిగ్గులేని నా మనసుకు మొదట తట్టిన మాట చెబుతాను వినండి. దీనికింకా మైకుందే, అనుకున్నాను.

అసలు కథ అక్కడుంది. ఆ పిల్ల ఫోన్లలో శ్రోతలతో మాట్లాడే తీరు చూసి, మేనేజరు గారు దానిచేత ఒక వారం పొద్దుటి కార్యక్రమంలో వాతావరణ వార్తలు చదివించారు. నాకు అప్పటికి ఎనిమిదేళ్ళుగా దొరకనిది, ఇరవై రెండేళ్ళ పిల్లకు చేరిన నాలుగో నెలలోనే దొరికింది. ఆ వారం నాకు తిండి సయించలేదు. అది నవ్వుతూ "మేడం, ఎలా చదివాను?" అని అడిగితే, "పొల్లులు మింగేస్తున్నావు," అన్నాను. మింగలేదు. ఆ వారం శుక్రవారమే, పొద్దుటి కార్యక్రమంలో పాట నడుస్తుండగా, తేనెగొంతు దాని కుర్చీ వెనక నిలబడి భుజాల మీంచి చేతులు కిందికి జార్చాడు. అది లేవబోయింది. నొక్కి కూర్చోబెట్టాడు. దాని హెడ్‌ఫోన్సు కిందపడ్డాయి. అద్దం ఇవతలనుంచి, ఆరడుగుల దూరంలో, నేను చూశాను. అది నావైపు చూసింది. నేను తల వంచి, ఏ పాట ఎన్ని నిమిషాలు వేశామో రాసే పుస్తకంలో రాసుకుంటున్నట్టు నటించాను. విచారణలో ముగ్గురు పెద్దమనుషులు అడిగారు. "మీరు ఇవతలే కదా కూర్చున్నారు?" "రాసుకుంటున్నానండీ. చూడలేదు," అన్నాను. భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. భయమూ ఉంది. కాని ఆ మాట అంటున్నప్పుడు లోపలెక్కడో, ఇక వాతావరణం చదవడానికి ఇది ఉండదులే అని కూడా అనిపించింది. సాక్ష్యం లేదని విచారణ మూసేశారు. ఊరు మాత్రం ఊరుకోలేదు. ఉత్తరాలొచ్చాయి, స్టేషన్ ముందు అరుపులయ్యాయి, అందుకే అతన్ని ఏడాది ఇంట్లో ఉండమన్నారు. ఆ పిల్లను ఎవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

"నలభై ఏడు," అంది స్పీకరు. అదే మా నంబరు. కౌంటరు దగ్గరకెళ్ళి టోకెను ఇచ్చాను. నన్ను గుర్తుపట్టదేమోనని ఒక పిచ్చి ఆశ. "రెండో గది మేడం," అంది టోకెను తీసుకుంటూ. ఆగలేక, "సోమవారం అతను తిరిగొస్తున్నాడు," అన్నాను. "పేపర్లో చూశాను. ఏమీ తేలలేదటగా," అంది. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "నేను ఆ రోజు..." అన్నాను. "తెలుసు మేడం. మీరు రాసుకుంటున్నారు," అంది, మైకు దగ్గరకు లాక్కుని, "నలభై ఎనిమిది," అంది. ఆ ఎనిమిదిలో ఒక్క అక్షరం మింగలేదు.

సోమవారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే అత్తయ్య రేడియో వాల్యూమ్ పెంచుకుని కూర్చుంది. మా ఆయన ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తానని చెప్పి, పక్కనే కుర్చీ వేసుకున్నారు. "మధ్యలో ఒక టీ పడితే బావుండేది," అన్నారు. టీపొడి ఎక్కడుందో చెప్పి వచ్చేశాను.

స్టేషన్లో పూలగుత్తి, కేకు, మేనేజరు గారి కొత్త చొక్కా. అద్దం అవతల తేనెగొంతు కూర్చున్నాడు. గడ్డం తీసేశాడు, చిక్కిన మనిషి ఎక్కడా కనబడలేదు. ఎర్ర దీపం వెలిగింది, నేను అతని మీట పైకి జరిపాను. చదివాడు. నేను గీత పెట్టిన ప్రతిచోటా ఊపిరి తీసుకున్నాడు, ఆగమన్నచోట ఆగాడు, తగ్గమన్నచోట తగ్గాడు. నా వెనక మేనేజరు గారు ముక్కు చీదుకున్నారు. చివర్లో నేను రాయని వాక్యం ఒకటి వచ్చింది. "నా మీద వచ్చింది ఏదీ రుజువు కాలేదని మీకందరికీ తెలుసు." నా కాగితం కింద మేనేజరు గారు పెన్నుతో చేర్చారట. పాట వేసి అతని మీట కిందికి లాగాను.

మేనేజరు గారు కేకు సంగతి చూడ్డానికి పరిగెత్తారు. అతను లోపలి మైకులో నాతో మాట్లాడాడు. అది నా చెవికి తప్ప ఊరికి వినబడదు. "భలే రాశావమ్మా. ఆ 'ఒక క్షణం ఆగాలి' ఉంది చూడు, అక్కడ నాకే ఏడుపొచ్చింది," అన్నాడు. తర్వాత నవ్వి, "నీకూ మధ్యాహ్నం ఇస్తున్నారటగా. మంచిదే. మనిద్దరికీ మళ్ళీ ఒక అవకాశం," అన్నాడు.

మనిద్దరికీ. పాట మూడు నిమిషాల నలభై సెకన్లుంది. అందులో ఒక నిమిషం ఆ మాట దగ్గరే ఉండిపోయాను. నేను అడిగింది ఒక తెరిచిన మైకుకు క్షమ. అతను పొందుతున్నది నా మూసిన నోటి మీద నిలబడ్డ క్షమ. అతని అవకాశం ఎవరిచ్చారు? మేనేజరు గారా, శ్రోతలా, మా ఆయనా? నేనిచ్చాను. 'చూడలేదు' అన్న ఒక్క మాటతో ఇచ్చాను. మూడు రోజులుగా ఎవరి మీద కుళ్ళుకుంటున్నానో, వాడికి పీట వేసిందీ నేనే. ఆ పిల్లకు అవకాశం సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే అది ఏ తప్పూ చెయ్యలేదు. మా స్టేషన్లో అవకాశం కావాలంటే ముందు తప్పు చేసినవాడై ఉండాలి కాబోలు.

అతని మీట మీద వేలు పెట్టాను. అతను ఇంకా ఏదో అంటూ నవ్వుతున్నాడు, జరిపితే ఆ నవ్వు, ఆ మాటలు ఊరికి వినిపిస్తాయి. చెయ్యి తీసేశాను. తొమ్మిదేళ్ళుగా ఎవరెవరివో గొంతులు పైకి జరిపాను, చాలు. బల్ల అంచున, గుడ్డ కప్పి ఇంకో మైకుంది. ఏదైనా యంత్రం మొరాయిస్తే ఇవతలినుంచి ప్రకటన చదవడానికి పెట్టింది, ఎవరూ వాడరు. గుడ్డ తీశాను. దుమ్ము లేచింది. మధ్యాహ్నం అరగంట గుర్తొచ్చింది, ఇక రాదని తెలుసు. ఒక క్షణం ఆగాను. పాటను తగ్గించి నా మీట పైకి జరిపాను. అద్దం అవతల అతను హెడ్‌ఫోన్సు చెవికి నొక్కుకుని నావైపు చూశాడు. ఇంట్లో రేడియో ముందు అత్తయ్య, మా ఆయన. కంటి ఆసుపత్రి హాల్లో రేడియో పెడతారో లేదో నాకు తెలియదు.

"అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్ళ క్రితం మైకు కట్టేయడం మరిచిపోయి, మీ అబ్బాయికి చేతుల్లేవా అన్నది నేనే. ఇవాళ ఏమీ మరిచిపోలేదు, మైకు తెరిచే ఉందని తెలుసు. ఆ శుక్రవారం నేను అద్దం ఇవతలే ఉన్నాను. చూశాను."