సామాన్ల కాపలా

నేను ఒక లారీ ట్యూబుని. నిండు ట్యూబుననుకునేరు, అతుకులన్నీ ఊడిపోయాక, చిలకలూరిపేటలో పాత రబ్బరు కొట్టు వెనక రెండు ముక్కలుగా పడి ఉన్నాను. ఒంట్లో గాలి లేదు గానీ కోపం మాత్రం అట్టాగే ఉంది.

నేను ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టాను. కొన్నేళ్ళు భావన్నారాయణ గారి లారీ వెనక చక్రంలో ఉండి మిరపకాయ బస్తాల బరువు మోశాను. పంచర్లు పడీ పడీ ఒళ్ళంతా అతుకులయ్యాక, సముద్రంలో పిల్లలకి పనికొస్తుందిలే అని ఆయన నన్ను ఇంటికి తెచ్చాడు. అప్పట్నుంచీ ప్రతి వేసవీ వాడరేవే. అదే సరుగుడు తోపు, అదే అద్దె గది, దుప్పటి పరిచే చోటు కూడా అదే. ఇంకో సముద్రం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు.

నా మీద ఎక్కనివాళ్ళు లేరు. పిల్లలెక్కారు, ఆయన తమ్ముళ్ళెక్కారు. భావన్నారాయణ తన పొట్టతో సహా ఎక్కి, తోయండ్రా అని కేకలేసేవాడు. ఒక్క హైమావతి ఎక్కలేదు. హైమావతి ఆయన భార్య. కోడి కూయకముందే లేచి పులిహోర కలిపి, అందరి బట్టలూ సర్ది, ఇంతమందినీ ఒడ్డుకి చేర్చేది ఆమే. నేను వచ్చిన మొదటి వేసవిలోనే అడిగింది, ఒక్కసారి నీళ్ళలోకి దిగుతానని.

అత్తగారు సౌభాగ్యమ్మ ఒప్పుకోలేదు. సముద్రాన్ని పున్నమికో అమావాస్యకో తప్ప ముట్టుకోకూడదంట, దోషమంట. మరి ఆమె కొడుకులు ఏ తిథి చూసి దూకుతున్నారో నాకు అంతుపట్టలేదు. ఆవిడ మాత్రం చీర మోకాళ్ళదాకా ఎత్తి అలల్లో నిలబడేది, పెద్దదానికి దోషం లేదంట. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఊరికే అన్నారా పెద్దలు!

హైమావతి వాదించలేదు. ఒక ఏడు పంచాంగం తనే చూసి, ఏదో వంక చెప్పి, ప్రయాణాన్ని సరిగ్గా వైశాఖ పున్నమికి జరిపించింది. ఆ రోజు కొంగు నడుముకి దోపుకుని నా దగ్గరకొచ్చి నామీద చెయ్యేసింది. నేను ఒళ్ళు బిగబట్టుకుని సిద్ధంగా ఉన్నాను. అప్పుడు భావన్నారాయణ నీళ్ళలోంచే అరిచాడు.

"నువ్వూ దిగితే సామాన్లెవరు చూస్తారే?"

అంతే. ఆమె చెయ్యి తీసేసింది. వెళ్ళి చెప్పులూ వాచీలూ టిఫిన్ క్యారేజీల మధ్య కూర్చుంది. ఆ పూట ఆయన నామీద ఎక్కినప్పుడు నాకు నిజంగా పేలిపోవాలనిపించింది. పేలలేకపోయాను, పాడు రబ్బరు!

తర్వాత తిథులు మారాయి, పిల్లలు పెద్దాళ్ళయ్యారు, ఆమె మోకాళ్ళు పట్టేశాయి. కాపలా మాత్రం మారలేదు. పోయిన వేసవిలో రంగు రంగుల ప్లాస్టిక్ ట్యూబులు కొనుక్కొచ్చి, నన్ను ఆమెకి ఇసకలో పీటలాగా వేశారు. ఆ రోజు మళ్ళీ పున్నమి పడింది. ఆమె ఎవర్నీ అడగలేదు. భావన్నారాయణ ఒళ్ళు తుడుచుకుంటూ వచ్చి దుప్పటి మీద కూర్చోగానే, వాచీలు, ఫోన్లు, చెప్పుల సంచీ అన్నీ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"మీరు చూస్తుండండి," అంది.

నన్ను దొర్లించుకుంటూ నడిచింది. కొడుకు గబగబా వచ్చి నాకు కట్టిన తాడు పట్టుకున్నాడు. నా పాత అతుకు ఒకటి సన్నగా బుస్సుమంటోంది. ఇవాళ గనక ఊడావో చూడు అని దాన్ని తిట్టుకుంటూ తేలాను. నామీద ఎక్కినవాళ్ళందరూ అరిచి గోల చేసినవాళ్ళే. ఈమె వెనక్కి వాలి కాళ్ళు నీళ్ళలోకి జార్చింది. తర్వాత, ఒడ్డు ఇక్కణ్ణుంచి ఎంత చిన్నగా కనపడుతుందో అని కొడుకుతో అంది. ఒడ్డు మీద మొగుడు ఒళ్ళో చెప్పులతో కూర్చుని ఉన్నాడు.

సాయంత్రం గదికొచ్చాక ఆడపడుచు మెచ్చుకుంది, మా అన్నయ్యది వెన్నలాంటి మనసు, వదిన్ని సముద్రంలోకి పంపించాడు అని. పంపించాడంట! ఆయన కూడా కాదనలేదు, మీసం మీద చెయ్యేసుకున్నాడు. ఒంటికి మంట పుట్టి ఉన్న కాస్త గాలీ అక్కడే పోతుందనుకున్నాను.

ప్రతి ఏడూ ఆఖరి పని, వాల్వు పిన్ను పీకి, నామీద కూర్చుని గాలంతా తీసెయ్యడం. చిన్న తమ్ముడు వంగి పిన్ను మీద చెయ్యి వేశాడు.

"దాని గాలి తియ్యకయ్యా," అంది హైమావతి. "పంపుంటే ఇంకాస్త కొట్టు. పొద్దున్నే మళ్ళీ దిగాలి."

మంచం మీదున్న సౌభాగ్యమ్మ లేచి కూర్చుంది. "రేపు పాడ్యమి, తెలుసా?"

"తెలుసత్తయ్యా," అంది హైమావతి, తడి చీర దండెం మీద ఆరేస్తూ.