పళ్ళెంలో పడని బూడిద

ఆ తేదీ మేనేజరుకి బాగా గుర్తు, మార్చి పంతొమ్మిది. పొద్దున తిన్నదీ గుర్తే. ఒకవైపు మాడిన రొట్టె, ఉడికిన గుడ్డు. భార్య పోయి రెండేళ్ళయినా రొట్టెని రెండు వైపులా ఒకేలా కాల్చడం అతనికి ఒంటబట్టలేదు. తిన్నాక తెల్లటి పింగాణీ పళ్ళెం కడిగి తుడిచి, చంకలో పెట్టుకుని, క్వార్టర్స్ వెనక గేటులోంచి తను మేనేజరుగా ఉన్న విమానాశ్రయానికి నడిచాడు.

సముద్రం అవతల ఏదో దీవిలో అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద గాలివాటున ఇటే వస్తోందనీ, విమానాలు తిరిగే ఎత్తులో పల్చగా పరుచుకుందనీ హెచ్చరిక వచ్చింది. ఇంజన్ వేడికి ఆ ధూళి కరిగి లోపల గాజులా అంటుకుంటుంది. ఇంజన్‌కి ఊపిరాడదు. అందుకే విమానాలన్నీ ఆపేశారు. రన్‌వే మీద కూడా ఏమైనా పడుతోందేమో మేడ మీద తెల్ల పళ్ళెం పెట్టి చూడమని పై ఆఫీసు చెప్పింది. ఆ చిన్న విమానాశ్రయంలో అంతకు మించిన పరికరం లేదు, ఇంటి పళ్ళెమే దిక్కైంది.

చిక్కల్లా ఆకాశంతోనే. అది ఉతికి ఆరేసినట్టుంది. మచ్చుకి ఒక్క మబ్బు లేదు.

"ఎక్కడండీ బూడిద? నా కళ్ళజోడు మార్చుకోవాలా?" అన్నాడు ఒకాయన.

"మీ వంటింట్లో చూసుకోండి సార్, పొయ్యి కింద ఉందేమో!" అని వెనకనుంచి ఇంకొకరు.

"జీతం ఆగదు కదా, విమానాలు ఆగితే వీళ్ళకేం!"

కౌంటరు అమ్మాయి ముఖం కందగడ్డలా అయింది. ఆమెని లోపలికి పంపి మేనేజరే కౌంటర్లో నిలబడ్డాడు. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వస్తున్న మనిషిని చూడగానే గుర్తుపట్టాడు. తన భార్య అన్నగారు. చెల్లెలి అంత్యక్రియలు కాగానే "నీ గడప తొక్కితే ఒట్టు" అని వెళ్ళిపోయిన మనిషి. మళ్ళీ ఎదురుపడడం ఇదే.

"నేనని తెలిసే ఆపావా?" అన్నారు బావగారు.

"మీరొస్తున్నట్టే నాకు తెలీదు బావగారూ."

"రేపు పొద్దున నా కూతురికి గుండె ఆపరేషన్. అక్కడ వాళ్ళమ్మ ఒక్కతే ఉంది. రోడ్డు మీద వెళ్తే రెండు రోజులు. ఇప్పుడు చెప్పు. ఆపుతావా?"

ఆ పిల్లకి వేలు పట్టి నడక నేర్పింది అతని భార్యే. "ఆపక తప్పదు" అన్నాడు చివరికి.

"ఆ రోజూ ఇదే మాట! చెల్లెలు ఆఖరి ఊపిరితో ఉంది రమ్మని నువ్వే ఫోన్ చేశావు. ఆస్పత్రి వరండాలో నిలబడి నువ్వే రన్‌వే మూయించావు. నా విమానం ఈ ఊరి మీద చక్కర్లు కొట్టి వెనక్కి పోయింది. పోనీ, అప్పుడు పొగమంచు. కనీసం కంటికి కనబడింది. ఇప్పుడేం చూపించి ఆపుతావు, గాలినా?"

"ఈయనగారు మేడ మీద పళ్ళెం పెట్టాడండీ, బూడిద పట్టడానికి" అని గుంపులో ఎవరో నవ్వారు. బావగారు మరు మాట లేకుండా బయటి ఇనప మెట్లెక్కారు. పళ్ళెం తెచ్చి కౌంటరు మీద ఠంగుమని పెట్టారు. వేలితో గీసి, ఆ వేలు పైకెత్తి అందరికీ చూపించారు.

"చూడండయ్యా, ఎంత బూడిదో!"

"భోజనం వడ్డించుకోవచ్చు!"

"పళ్ళెం చెప్పేది కింద పడేదాని సంగతండీ. విమానాన్ని పడగొట్టేది పైన ఉంది" అన్నాడు మేనేజరు.

"అయితే పళ్ళెం ఎందుకు పెట్టావు?"

దానికీ జవాబుంది. వినే ఓపిక ఎవరికీ లేదు. తన చేత్తో పెట్టుకున్న పళ్ళెమే తన మీద సాక్ష్యం చెప్పింది.

అప్పుడే చిన్న అద్దె విమానం నడిపే పైలట్ ముందుకొచ్చాడు. "సార్, మీరు రన్‌వే తెరవండి చాలు. నేను తక్కువ ఎత్తులో పోతాను. మీ బావగారికి ముందు సీటు ఇస్తాను."

బావగారి సంచిలోంచి గళ్ళ ఊలు దుప్పటి అంచు కనబడుతోంది. మేనకోడలి కోసం తన భార్య అల్లింది అది. పైలట్ మంచి పనివాడు. తక్కువ ఎత్తు. చాలావరకు ఏమీ కాదు. ఆ 'చాలావరకు' దగ్గరికి వచ్చేసరికి అతని మనసు మొరాయించింది.

"తెరవను" అన్నాడు.

ఎవరో టీ కప్పు విసిరారు. చొక్కా తడిసింది. తుడిచే ఆమె వచ్చి తన భుజం మీది తువ్వాలు అతని చేతికిచ్చి, నేల తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు తనని ఏమీ అనని మనిషి ఆమె ఒక్కతే.

మధ్యాహ్నానికి జనం పల్చబడ్డారు. బావగారు మాత్రం కౌంటరు ఎదుటి కుర్చీలోంచి కదల్లేదు. కూతురు ఫోన్ చేస్తే, "మీ మామయ్య ఆపాడు, ఆయన్నే అడుగు" అని ఫోన్ మేనేజరు మీదికి తోశారు.

"మామయ్యా, నాన్న బాగా అరిచారా?"

"కొంచెం."

"కొంచెమా! ఇక్కడికి వినబడింది." ఆ పిల్ల నవ్వబోయి, ఆయాసంతో ఆగింది. "ఎక్కనివ్వకండి మామయ్యా. రేపటికి నాకు ఒక్క భయం చాలు. ఆయన గాల్లో ఉన్నారంటే రెండవుతాయి. అత్త ఉంటే మీ ఇద్దరికీ చెరో మొట్టికాయ వేసేది."

బావగారికి చెముడు. ఆయన ఫోన్ ఎప్పుడూ గట్టిగానే వినబడుతుంది. మాటలన్నీ ఆయన చెవిన పడ్డాయి. ఫోన్ లాక్కుని, "దానికి నువ్వే నేర్పావా?" అన్నారు.

సాయంత్రం మేనేజరు మేడ మీదికి వెళ్ళాడు. పొద్దున ఆ గొడవ సద్దుమణిగాక మళ్ళీ పెట్టి వచ్చిన పళ్ళెం ఇంకా తళతళలాడుతూనే ఉంది. చిటికెడైనా పడి ఉంటే బాగుండేదనిపించింది. మరుక్షణమే సిగ్గేసింది. పిల్లకి రేపు ఆపరేషన్ పెట్టుకుని, నా మాట నెగ్గాలని చూస్తున్నానా?

కిందికి దిగేసరికి చీకటి పడుతోంది. బావగారు ఎవరికో ఫోన్ చేసి గది అడుగుతున్నారు. లాడ్జీలన్నీ నిండిపోయాయి.

"ఇంటికి రండి."

"ఒట్టు పెట్టాను."

"గడప తొక్కనన్నారు. పెరటి వైపు వంటింటి తలుపుకి గడప లేదు."

బావగారు అతన్ని ఎగాదిగా చూశారు. "నీకు అన్నిటికీ రూల్సే" అని సంచి తీసుకుని లేచారు.

ఇంట్లో మిగిలింది రొట్టె, గుడ్లే. అదే పళ్ళెం కడిగి అందులో పెట్టాడు. బావగారు ఓ ముక్క తుంచి, తిరగేసి చూశారు.

"మాడింది. మా చెల్లెలు నేర్పలేదా?"

"నేర్పింది. నాకే రాలేదు."

ఆయన పళ్ళెం ఖాళీ చేశారు గానీ ముఖంలో సడలింపు లేదు. "రేపూ ఆకాశం ఇలాగే ఉంటే నీ మీద కేసు పెడతాను."

"పెట్టండి. పొద్దున ఇద్దరం ఫోన్ దగ్గర కూర్చుందాం. పిల్ల క్షేమంగా బయటికొచ్చిందని తెలిశాక పెట్టండి."

బావగారు పక్క గదిలో మంచమెక్కి, కూతురి దుప్పటి కప్పుకుని, ఫోన్ గుండెల మీద పెట్టుకుని గోడవైపు తిరిగారు. కాసేపటికి మేనేజరు లోపలికి తొంగి చూశాడు. ఫోన్ పక్కకి జారింది, ఛార్జి అడుగంటింది. దాన్ని ఛార్జరుకి తగిలించి, పిలిస్తే వినబడేలా దిండు పక్కనే పెట్టాడు. దీపం ఆర్పి, కిర్రుమనే గది తలుపుని కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాడు.