ఈనిడ్ ఒప్పుకోని వాక్యం

ఈనిడ్ గార్త్‌కి మూడు వారాలుగా ఒళ్లు మండిపోతోంది. ఏ గిన్నో విసిరికొట్టి, ఎవరినో నాలుగు తిట్టి కోపం తీర్చుకునే మనిషైతే ఏనాడో చల్లారేది. కానీ ఆవిడ క్వేకరు, శాంతాన్నే వ్రతంగా పాటించే క్రైస్తవ శాఖ మనిషి. డెబ్భై ఒక్క ఏళ్లొచ్చినా గొంతు పెంచి ఎరగదు. అందుకని ఆ కోపమంతా లోపలే ఉండి కుతకుతా ఉడుకుతోంది.

దీనికంతటికీ కారణం ఆ ఆదివారం. థార్న్‌బెక్ ఊరి ఆరాధన మందిరంలో పాదిరీ ఉండడు, పాటా ఉండదు. బల్లలు చుట్టూ వేసుకుని గంటసేపు మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్పి కూర్చోవడమే. గంట కాగానే పెద్దలిద్దరు చేతులు కలుపుతారు, అంతటితో ఆరాధన అయిపోయినట్టు. ఆ పెద్దల్లో ఒకరు ఈనిడ్, రెండోవాడు ఆంబ్రోస్ లాంగ్‌స్టాఫ్. ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరే.

ఒకప్పుడు బల్లలు చాలేవి కావు. ఇప్పుడు మిగిలింది పదకొండు మంది, అందులో ముగ్గురికి వినపడదు. ఇలా అయితే తలుపులు మూసుకోవాల్సిందేనని వసంతంలో గేటుకి ఒక బోర్డు పెట్టారు. 'ఏం నమ్మినా రండి, ఏమీ నమ్మకపోయినా రండి' అని ఆంబ్రోసే నీలం రంగుతో రాశాడు. నాలుగు నెలల పాటు ఆ బోర్డు చూసి లోపలికొచ్చింది ఒకే ఒక్కడు, కొండలెక్కడానికొచ్చిన మనిషి. వాడికి కావలసింది కూడా మరుగుదొడ్డే.

తర్వాత లొరెయిన్ కెటిల్ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. పట్నంలో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. గుమ్మంలో నిలబడ్డ ఈనిడ్‌ని మొదట అడిగిన మాటే, "మీవాళ్లు యుద్ధాలకి వెళ్లరట కదా?" అని. మూడొందల యాభై ఏళ్లుగా వెళ్లలేదని ఈనిడ్ కాస్త గర్వంగానే చెప్పింది. "అయితే మీ దగ్గరే చెప్పుకోవాలి" అని ఆవిడ వెళ్లి వెనక బల్ల మీద కూర్చుంది.

ఇంకో ఐదు నిమిషాల్లో ఆరాధన ముగుస్తుందనగా లేచింది. ముందు బల్ల గట్టిగా పట్టుకుని మాట్లాడింది. కొడుక్కి పదిహేడేళ్లప్పుడు సైన్యంలో చేరతానన్నాడట. ఆ వయసులో తల్లి సంతకం కావాలి. వాడు నాలుగు రోజులు అన్నం మానేసి కూర్చుంటే చేసేది లేక సంతకం పెట్టేసిందట. వాడు తిరిగి రాలేదు. "వాడి పేరు..." అంది. గొంతు పూడుకుపోయింది.

ఎవరైనా మాట్లాడి ఆగితే, ఆ మాట లోపలికి దిగేదాకా కదలకుండా ఉండటం అక్కడి మర్యాద. ఎవరూ తలెత్తలేదు. ఒక్కరూ చేతిరుమాలు అందించలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. పదకొండున్నరయింది. ఆంబ్రోస్ చెయ్యి చాపాడు, ఈనిడ్ అందుకుంది. అంతే, అందరూ పక్కవాళ్ల చేతులు ఊపుతూ శుభోదయాలు చెప్పుకున్నారు. ఆ తల్లి ఇంకా నిలబడే ఉంది. ఆంబ్రోస్ లేచి ప్రకటనలు చదివాడు: సూపు వేడిగా ఉంది, కప్పు కారుతోంది, పాత కళ్లద్దాలుంటే డబ్బాలో వెయ్యండి. లొరెయిన్ సంచీ తీసుకుని వెళ్లిపోయింది. ఈనిడ్ కోటు తొడుక్కుని రోడ్డెక్కేసరికి బస్సు మలుపు తిరిగింది.

వెళ్లి కలుద్దామని ఈనిడ్ అంటే ఆంబ్రోస్ వద్దన్నాడు. మనిషి గాయం మీద పడిపోకూడదట, ఆవిడంతట ఆవిడ వచ్చేదాకా వెలుగులో తలుచుకుందామన్నాడు, అంటే వాళ్ల భాషలో ఆవిడ కోసం మౌనంగా ప్రార్థించడం. తలుచుకోవడం వీళ్లకి బాగా వచ్చు! ఈనిడ్ మూడు వారాలు తలుచుకుంది. తలుచుకున్నకొద్దీ మండింది.

ఆ మంటతోనే నెలవారీ సమావేశానికి వెళ్లింది. ఆ రోజు పై సంఘానికి పంపాల్సిన ఏడాది నివేదిక ఒప్పుకోవాలి. టెస్ ఆగ్డెన్ అని బడి పంతులమ్మ, రాతకోతలన్నీ ఆవిడవే. వాక్యం వాక్యం చదువుతుంది. అక్కడ ఓట్లుండవు. అందరూ సరేనంటేనే వాక్యం నిలబడుతుంది. ఒక్కరు అడ్డుపడినా ఆగిపోతుంది. కప్పు సంగతి సరే అన్నారు, తోట సంగతి సరే అన్నారు. అప్పుడు టెస్, "ఈ ఏడు మా దగ్గరికి వచ్చిన కొత్తవారిని ప్రేమతో ఆదరించాం" అని చదివింది. చుట్టూ సరే, సరే అని గొణిగారు.

"నేను ఒప్పుకోను" అంది ఈనిడ్.

టెస్ కలం ఆగింది. ఇరవై రెండేళ్లలో ఈనిడ్ దేనికీ కాదనలేదు. కొంచెం మాట మార్చి రాద్దామా అని టెస్ అడిగింది. 'ఆదరించడానికి ప్రయత్నించాం' అంటే ఎలా ఉంటుందని ఎవరో అన్నారు. ఆ మాటతో ఈనిడ్‌కి పుండు మీద కారం చల్లినట్టయింది.

"ప్రయత్నమా? ఆవిడ గొంతు పూడుకుపోయి నిలబడితే మనం సూపు తాగాం. మేం అబద్ధాలాడం అని ఊరంతా చెప్పుకుంటాం. ఇది అబద్ధం కాదా?" ఆంబ్రోస్ వైపు తిరిగింది. "బిడ్డ పేరు ఆవిడ నోట్లో ఉండగానే నువ్వు చెయ్యి చాపావు. ఒక్కసారి కళ్లు తెరిచి చూస్తే నీ సొమ్మేం పోయింది, ఆంబ్రోస్?"

ఆంబ్రోస్ మొహం పాలిపోయింది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, క్షిపణుల స్థావరం ముందు బైఠాయించి రెండుసార్లు జైలుకెళ్లినవాడు. తప్పించుకునే మనిషిలా కాకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"నిజమే. నా కళ్లు మూసుకునే ఉన్నాయి. నీవో?"

ఈ ప్రశ్నకి భయపడే ఈనిడ్ మూడు వారాలుగా ఆంబ్రోస్‌ని తిట్టుకుంటోంది. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. బల్ల పట్టుకున్న ఆ వేళ్లు తెల్లబడటం చూసింది. పెదవులు కదలడం చూసింది. పక్కనుంచి చెయ్యి వచ్చింది, ఇరవై రెండేళ్ల అలవాటు, తన చెయ్యి వెళ్లిపోయింది. ఆ క్షణంలో ఇది ఎప్పటికి తెములుతుందో అని కూడా అనుకుంది. అదీ అసలు మంట. అబద్ధమని అరిచిన నోటితో ఇప్పుడు ఇది దాచుకోవడం ఎలా?

"తెరిచే ఉన్నాయి" అంది. "చూశాను. చూస్తూనే చెయ్యిచ్చాను."

టెస్ పాత వాక్యం కొట్టేసి, అక్కడే కూర్చుని కొత్తది రాసి చదివింది. 'మా దగ్గరికి ఒక తల్లి వచ్చింది. ఆమె మాట పూర్తికాకముందే మేం ఆరాధన ముగించాం. పెద్దల్లో ఒకరు చూడలేదు. ఒకరు చూసి కూడా ఆపలేదు.' అందరికంటే ముందు సరేనన్నది ఆంబ్రోసే.

మంగళవారం మధ్యాహ్నం ఈనిడ్ ఆ కాగితం నకలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. దుప్పట్లు ఉతికే షెడ్డు వెనక లొరెయిన్ తిరగేసిన బుట్ట మీద కూర్చుని రొట్టె తింటోంది. ఈనిడ్‌ని గుర్తుపట్టింది గానీ లేవలేదు. చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. నిజం చెప్పాలంటే, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటుందని ఈనిడ్ అనుకుంది. ఇంత నిజాయితీగా రాసినందుకు కాస్త మెచ్చుకుంటుందని కూడా అనుకుంది.

"బాగానే రాశారు. ఇదెవరి గురించి?" అంది లొరెయిన్.

"మీ గురించేనమ్మా."

"నా గురించి కాదు. మీలో ఎవరు చూశారు, ఎవరు చూడలేదు, అదేగా ఇందులో ఉంది. మావాడెక్కడున్నాడు?" కాగితం తిరిగి ఈనిడ్ చేతిలో పెట్టింది. "మూడు వారాలైంది. పదకొండు మంది ఉన్నారు. వాడి పేరేంటని ఒక్కరు అడిగారా? ఇప్పుడైనా మీరు అడగడానికి వచ్చారా, చెప్పుకోవడానికి వచ్చారా?"

ఈనిడ్‌కి తల కొట్టేసినట్టయింది. ఒకరి బాధలో వేలు పెట్టకపోవడమే మంచితనమని పుట్టిన దగ్గర్నుంచి నేర్చుకుంది. పదిమందికి నేర్పింది కూడా. ఆ మంచితనం మీద ఇప్పుడు అసహ్యం పుట్టింది.

"పేరేంటమ్మా?" అని అడిగింది.

లొరెయిన్ ఆవిడ మొహంలోకి చూస్తూ లేచింది. రొట్టె ముక్కలు దులుపుకుంది.

"ఇక్కడ చెప్పను. మీ ఒక్కరికే చెప్తే మీ మనసు తేలికపడుతుంది, ఇంటికెళ్లి టీ తాగుతారు. నాకది అక్కర్లేదు. ఆదివారం వస్తాను. అక్కడే నిలబడి, మీ అందరి ముందూ చెప్తాను. వాడి పేరే కాదు, పుట్టినప్పటి నుంచీ అంతా చెప్తాను. సాయంత్రమైనా సరే, ఒక్కరూ లేవడానికి వీల్లేదు."