దక్షిణానికి వెళ్ళని శీతాకాలం

పంతొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి వెర్నా నవంబరు నెలను సొంత ఇంట్లో గడిపింది. కెనడాలో, సస్కాచెవాన్ మైదానంలో హాలిచ్ అనే ఆ చిన్న ఊళ్ళో నవంబరంటే ఎలా ఉంటుందో ఆమె దాదాపు మరిచిపోయింది. నాలుగున్నర దాటితే పొద్దు గుంకేది. పొద్దున కారు కదలాలంటే, చలికి బిగుసుకుపోకుండా రాత్రంతా దాని ఇంజనుకు కరెంటు తీగ తగిలించి ఉంచాల్సిందే. వీధిలో మనిషి నడిచిపోతే ఆ రోజుకి అదొక విశేషం. ఆమె ఈడువాళ్ళలో కొందరు శ్మశానంలో ఉన్నారు, కొందరు పిల్లల దగ్గరికి పట్నాలు చేరారు. ఎదురింటి కిటికీలకు రెండేళ్ళుగా చెక్కలు కొట్టి ఉన్నాయి.

మిగతా ఏళ్ళయితే ఈపాటికి ఆమె, భర్త ఓరెస్ట్ దక్షిణాన అమెరికాలోని అరిజోనాలో ఉండేవారు. ఓరెస్ట్ నలభై ఏళ్ళు ఊళ్ళో ధాన్యం గోదాం నడిపాడు. వెర్నా ఇరవై ఎనిమిదేళ్ళు బడి బస్సు నడిపింది. రిటైరవగానే యూమా దగ్గర ఎడారి అంచున అలాంటి ఇళ్ళే ఉండే ఒక పార్కులో చక్రాల మీది ట్రైలరు ఇల్లు కొనుక్కున్నారు. అక్టోబరు ఆఖరున మూడు రోజులు దక్షిణానికి ప్రయాణం, ఏప్రిల్లో తిరుగు ప్రయాణం. ఆ పార్కులో సగం మంది కెనడా పెన్షనర్లు, సగం మంది అమెరికావాళ్ళు. పక్క ట్రైలర్లో అయోవా నుంచి వచ్చిన లొరేన్, ఆమె భర్త డెల్. డెల్ ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్. అతనూ ఓరెస్టూ ఏ పాత ఇంజనో ఊడదీసుకుని కూర్చుంటే భోజనానికి నాలుగుసార్లు పిలవాల్సివచ్చేది. వెర్నా, లొరేన్ రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచేవారు. పుట్టి బుద్ధెరిగాక అంత దగ్గరి స్నేహం వెర్నాకి ఇంకెవరితోనూ కుదరలేదు.

అదంతా కిందటి మార్చిలో ఒక శనివారం సాయంత్రం తెగిపోయింది. పార్కు హాల్లో అందరూ తలా ఒక వంటకం తెచ్చుకుని తింటున్నారు. డెల్ ఉల్లాసంగా ఉన్నాడు.

"వచ్చే ఏడు మీకు పాస్‌పోర్టు అక్కర్లేదోయ్ ఓరెస్ట్. మీ దేశం మాలో ఇంకో రాష్ట్రం అయిపోతోందిగా. నిన్నే గవర్నర్ని చేద్దాంలే" అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కెనడావాళ్ళు కూడా ఇద్దరు నవ్వారు. ఓరెస్ట్ పళ్ళెం కింద పెట్టాడు.

"ఏదీ, ఇంకోసారి అను."

"సరదాకి అన్నానయ్యా."

"మీ ప్రెసిడెంటు సరదాకి అనడం లేదు. రోజూ అంటున్నాడు."

"నేను ఓటేసింది గుడ్ల ధర తగ్గుతుందని. మీ దేశం కోసం కాదు" అన్నాడు డెల్, ఇంకా నవ్వుతూనే.

ఓరెస్ట్ లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు తెల్లవారగానే ట్రక్కు సర్దాడు. మూడు వారాల ముందే ఉత్తరానికి బయల్దేరారు. డెల్ గుమ్మంలో నిలబడి చెయ్యెత్తాడు. ఓరెస్ట్ అద్దంలో చూసి కూడా ఆగలేదు. మే నెలలో ఒకరోజు పొద్దున టీ తాగుతూ, "ట్రైలరు అమ్మేశాను. ఫోన్లోనే అయిపోయింది" అన్నాడు.

వెర్నా తన కప్పు కింద పెట్టింది. తర్వాత, "నా కుట్టుమిషను అందులోనే ఉంది" అంది.

"పంపిస్తామన్నారు."

అది రానేలేదు.

భర్త అన్న దాంట్లో తప్పుందని వెర్నా ఎన్నడూ అనుకోలేదు. ఓరెస్ట్ తాత ఉక్రెయిన్ నుంచి వచ్చి ఈ నేలలో పొదలు నరికి, మట్టిగోడల ఇంట్లో మొదటి చలికాలం గడిపినవాడు. ఆ నేలని ఎవరో నవ్వుతూ తమదంటే కడుపు మండదా? కానీ ఆ మంట చల్లారే దారి కనిపించలేదు. పొద్దున లేచింది మొదలు టీవీలో వార్తలు. చూస్తూ దానితోనే పోట్లాట. కొట్టుకెళ్తే కమలాపళ్ళ సంచి తిప్పి ఏ దేశానివో చదివి తిరిగి పెట్టేసేవాడు. వారానికొకటి చొప్పున పత్రికకు ఉత్తరాలు రాసేవాడు. రెండు అచ్చయ్యాయి. సొంత ప్రధానమంత్రిని కూడా వదిలిపెట్టలేదు. "వీళ్ళకి వెన్నెముక లేదు వెర్నా. ఒక్కడికీ లేదు" అనేవాడు. ఆమె ఊఁ కొట్టేది. కొన్నాళ్ళకి ఊఁ కొట్టడమూ మానేసింది. ఆ సంగతి ఆయన గమనించలేదు.

ప్రతి ఆదివారం లొరేన్‌కి ఫోన్ చేసేది. పడకగది తలుపు వేసుకుని గొంతు తగ్గించి మాట్లాడేది. తన ఇంట్లో తాను దొంగలా మాట్లాడటమేమిటని ఒకోసారి తన మీద తనకే చిర్రెత్తుకొచ్చేది.

డిసెంబరు రెండో వారంలో వాళ్ళ పెళ్ళికి యాభై ఏళ్ళు నిండాయి. చర్చి హాల్లో ఆడవాళ్ళు అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు వండారు. అరవై మంది వస్తారనుకుంటే ఇరవై ఏడుగురు వచ్చారు. కొడుకు డార్సీ పక్క రాష్ట్రం ఆల్బర్టాలో ఉత్తరాన చమురు బావుల దగ్గర పని చేస్తాడు. పదకొండు గంటలు కారు నడుపుకుంటూ ఒక్కడే వచ్చాడు. బంగారు రంగు చట్రంలో అమ్మానాన్నల పెళ్ళి ఫొటో కట్టించి తెచ్చాడు. తండ్రి దాన్ని చేత్తో తడిమి చూసి, "నాకు ఇంత జుట్టుండేదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నమంతా బాగానే గడిచింది.

ఇంటికొచ్చాక టీవీ పెట్టారు. కెనడా నుంచి ఆల్బర్టా విడిపోవాలంటున్న వాళ్ళ సభ చూపిస్తున్నారు.

"మేం విడిపోవడమే మేలు నాన్నా. తూర్పున రాజధానిలో ఉన్నవాళ్ళు మమ్మల్ని పిండుకు తింటున్నారు" అన్నాడు డార్సీ.

"విడిపోయి ఎవరి ఒళ్ళో కూర్చుంటావు? ఆ అమెరికా పెద్దాయన ఒళ్ళోనేగా."

"ఎవరి ఒళ్ళోనూ కాదు. మా కాళ్ళ మీద మేం నిలబడతాం."

"విడిపోవాలనే ఆ అర్జీ మీద సంతకం పెట్టావా?"

డార్సీ తల్లి వైపు చూశాడు. "పెట్టాను."

"అయితే నా ఇంట్లో ఎందుకున్నావు? పాస్‌పోర్టు తెచ్చుకున్నావా?"

"ఓరెస్ట్" అంది వెర్నా.

"నువ్వుండు."

డార్సీ గొంతు పెంచలేదు. "నీకు ఆ టీవీ తప్ప ఇంకో మనిషి మిగిలాడా నాన్నా? ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ వదులుకున్నావు" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున వెర్నా వంటగదిలోకి వచ్చేసరికి అతను బూట్లు వేసుకుంటున్నాడు. మిగిలిన క్యాబేజీ చుట్టలు డబ్బాలో పెట్టి ఇచ్చింది.

"నీ మీద నాకేం కోపం లేదమ్మా."

"నా మీద లేదని నాకు తెలుసురా. ఆ మాట ఆయనకి చెప్పి వెళ్ళు."

"ఆయన మీద ఉంది మరి" అన్నాడు డార్సీ. వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయాడు. బయట మైనస్ ముప్పై నాలుగు. కారు వెనక తెల్లటి పొగ చాలాసేపు గాల్లోనే నిలబడిపోయింది.

ఏటా క్రిస్మస్‌కి ముందు వెర్నా ఒక ఉత్తరం రాసి, ప్రతులు తీయించి, చుట్టాలకీ స్నేహితులకీ పంపేది. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ ఊళ్ళు తిరిగారు, అంతా అందులో ఉండేది. రాజకీయాలు మాత్రం ఉండేవి కావు. ఈసారి కూడా బల్ల దగ్గర కూర్చుంది. "ఈ ఏడాది మా పెళ్ళికి యాభై నిండాయి" అని రాసింది. తర్వాత రాయడానికి ఏమీ తోచలేదు. తోచినవేవీ రాసేవి కావు. చివరికి ఉత్తరం లేకుండా ఉత్త కార్డుల మీదే ఇద్దరి పేర్లూ రాసి పోస్టు చేసింది.

జనవరిలో ఒక బుధవారం లొరేన్ ఫోన్ చేసింది. ఆదివారం కాని రోజున ఆ నంబరు చూడగానే వెర్నా చేతిలో పని వదిలేసి ఫోన్ తీసింది.

"డెల్ పోయాడు. షెడ్డులో. చేతిలో స్పానరు అలాగే ఉంది" అంది లొరేన్. రమ్మని అడగలేదు. ప్రార్థన శనివారమని మాత్రం చెప్పింది.

ఓరెస్ట్ బయట మంచు తోసే యంత్రం నడుపుతున్నాడు. వెర్నా కోటు వేసుకుని వెళ్ళి చెప్పింది. ఆయన యంత్రం ఆపేశాడు.

"వయసెంత?"

"నీకంటే రెండేళ్ళు చిన్న."

ఆయన చేతి తొడుగుతో మూతి తుడుచుకున్నాడు. "పూలు పంపించు" అన్నాడు.

"నేనే వెళ్తున్నాను."

"ఆ దేశంలో అడుగు పెట్టమని అనుకున్నాం కదా."

"నువ్వనుకున్నావు. నన్నెవరూ అడగలేదు."

ఆయన యంత్రం మళ్ళీ స్టార్ట్ చేశాడు. తీసేసిన చోటే మళ్ళీ తీయడం మొదలుపెట్టాడు.

రెజైనా విమానాశ్రయానికి తనే కారు నడుపుకుని పోతానంది వెర్నా. ఆ మంచు రోడ్ల మీద పిల్లలతో నిండిన బస్సు నడిపిన మనిషికి అదేం లెక్క కాదు. కానీ శుక్రవారం పొద్దున లేచి చూస్తే ఓరెస్ట్ అప్పటికే కారు వేడి చేసి, ఫ్లాస్కులో టీ పోసి, స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. దారి పొడుగునా రేడియో పెట్టలేదు. విమానాశ్రయం తలుపు దగ్గర పెట్టె దించి, "ఆమెకి చెప్పు..." అన్నాడు.

"ఏం చెప్పను?"

"ఏం లేదు. జాగ్రత్తగా వెళ్ళు."

కాల్గరీలో విమానం మారేచోటే అమెరికా వెళ్ళేవాళ్ళకి పాస్‌పోర్టు తనిఖీ; అక్కడి అమెరికా అధికారి ఎందుకు వెళ్తున్నారని అడిగాడు. స్నేహితురాలి భర్త పోయాడని చెప్పింది. "అయ్యో, పాపం" అన్నాడు ఆ కుర్ర అధికారి. నిజంగానే అన్నట్టు అనిపించింది. యాభై ఏళ్ళలో ఆమె ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదటిసారి.

పార్కులో సగం స్థలాలు బోసిగా ఉన్నాయి. కెనడావాళ్ళ ఎర్ర ఆకు జెండాలు ఎగిరే చోట అమ్మకానికి బోర్డులు వేలాడుతున్నాయి. శనివారం పొద్దున ఆమె తమ పాత ట్రైలరు ముందు నుంచి నడిచింది. గోడలకి పచ్చ రంగు వేశారు. ఎవరో ఆవిడ బట్టలు ఆరేస్తూ, "ఎవరైనా కావాలా అండీ?" అని మర్యాదగా అడిగింది.

"లేదమ్మా. ఊరికే నడుస్తున్నాను" అంది వెర్నా. కుట్టుమిషను సంగతి నోటిదాకా వచ్చింది గానీ అడగబుద్ధి కాలేదు.

ప్రార్థన అయ్యాక, జనం వెళ్ళిపోయాక, ఇద్దరూ లొరేన్ వరండాలో కూర్చున్నారు. ఎండ వాలుతోంది. నాలుగు కమలాచెట్ల అవతల ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటున్నారు.

"వేసవంతా ఓరెస్ట్‌కి ఫోన్ చేయాలనుకున్నాడు డెల్. మొహమాటపడ్డాడు."

"చేసుంటే బావుండేది."

"అయినా అంత కానిమాటేం అన్నాడని వెర్నా? నవ్వులాటకి అన్నాడు. మీవాళ్ళే మరీ నొచ్చుకున్నారు."

వెర్నా నోరు మెదపకూడదనే వచ్చింది. విమానంలో తనకు తాను పదిసార్లు చెప్పుకుంది కూడా.

"నీ గుమ్మంలోకి ఎవడైనా వచ్చి, ఈ ఇల్లు ఇక నాదేనని నవ్వుతూ అంటే నవ్వుతావా లొరేన్?"

"ఇల్లు వేరు."

"మాకు వేరు కాదు."

లొరేన్ ఒళ్ళో రుమాలు మడత పెట్టింది, విప్పింది. "చలేస్తోంది. లోపలికి పోదాం" అంది. వెర్నాకి చలి వేయడం లేదు. అలాంటి రోజున ఆ మాట అన్నందుకు సిగ్గు వేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది నిజంగా ఆమె మాటే.

తర్వాత రెండు రోజులూ కలిసి డెల్ చొక్కాలు మడిచి పెట్టెల్లో సర్దారు. ఒకరికొకరు కాఫీ కలిపి ఇచ్చుకున్నారు. ప్రతిదానికీ థాంక్స్ చెప్పుకున్నారు. ఇదివరకు వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట ఉండేది కాదు. కాలవ గట్టు మీదకి వెళ్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. బయల్దేరే రోజున లొరేన్, "ఇది అమ్మేసి అయోవాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతాను" అని చెప్పింది. గట్టిగా కౌగిలించుకుంది. ఆ కౌగిలిలో ప్రేమ అలాగే ఉంది. వెర్నాకి అదే ఎక్కువ బాధనిపించింది.

రెజైనాలో ఓరెస్ట్ గంట ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. ఊరు దాటాక అడిగాడు.

"ఎలా ఉంది ఆవిడ?"

"ఒంటరిగా ఉంది."

కొంతదూరం పోయాక ఆయనే మళ్ళీ, "వాడికి ఫోన్ చేశాను" అన్నాడు.

"డార్సీకా? ఏమన్నాడు?"

"ఇక్కడ చలి ఎంతుందని అడిగాడు. చెప్పాను. అక్కడెంతని అడిగాను. చెప్పాడు."

"అంతేనా?"

"అంతే."

వెర్నా కిటికీలోంచి బయటికి చూసింది. తెల్లటి పొలాలు, ఆకాశం, రెండింటి మధ్యా గీత కూడా లేదు. "నువ్వన్న మాటే నేనూ అక్కడ అన్నాను, లొరేన్‌తో" అంది.

ఆయన మెచ్చుకుంటాడేమో అనుకుంది. ఓరెస్ట్ తల అడ్డంగా ఊపాడు. "అనకుండా ఉండాల్సింది. చావు జరిగిన ఇల్లు."

"నీ దగ్గరే నేర్చుకున్నాను."

 ఆయన స్టీరింగు మీద చేతులు ఒకసారి సర్దుకున్నాడు.

ఆదివారం ఫోన్లు రెండు వారాలకొకటి అయ్యాయి. తర్వాత నెలకొకటి. మాట్లాడటానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

మార్చి మొదట్లో ఓరెస్ట్ ఉన్నట్టుండి, "మూస్ జా వెళ్దామా? ఆ ఊళ్ళో వేడినీళ్ళ కొలనుందిగా. రెండు రోజులు" అన్నాడు. వెర్నా ఎదురాడకుండా సంచి సర్దింది. హోటలు మిద్దె మీద కొలను. చుట్టూ మంచు గోడలు, నీళ్ళ మీద దట్టమైన ఆవిరి. నిండా ముసలివాళ్ళే. అందరి నెత్తినా ఊలు టోపీలు.

"మీరు కూడా ఈ ఏడు దక్షిణానికి పోలేదా?" అని పక్కనున్న పెద్దమనిషి ఓరెస్ట్‌ని అడిగాడు.

"పోలేదు. పోను కూడా."

"మేమూ అంతే. టెక్సాస్‌లో పన్నెండేళ్ళు."

అంతే, ఇద్దరూ అందుకున్నారు. అమెరికా వేసిన సుంకాలు, సరిహద్దు, ప్రధానమంత్రి, ఆల్బర్టా. ఇంకో ఇద్దరు చేరారు. ఓరెస్ట్ ముఖం ఎర్రబడి, నెలల తర్వాత మొదటిసారి కళ్ళు మెరిశాయి. ఆయన నవ్వడం కూడా వినిపించింది. వెర్నా కాసేపు ఆయన భుజం పక్కనే నిలబడింది. ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు. మెల్లగా నీళ్ళలో నడుచుకుంటూ అవతలి గట్టుకి వెళ్ళి, గోడకి ఆనుకుని మెడ దాకా మునిగింది. ఆవిరిలో ఓరెస్ట్ టోపీ కాసేపు కనిపించింది, తర్వాత కనిపించలేదు. మంచు రాలడం మొదలైంది. ముఖం మీద పడ్డ చోటల్లా చల్లగా తగిలి కరిగిపోతోంది. ఆమె కళ్ళు మూసుకుని, ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమోనని వింటూ అలాగే ఉండిపోయింది.