జీతం లేని కుటుంబ సహాయకులు: ఒకరు

సర్వే అమ్మాయి వచ్చేసరికి నా చేతుల నిండా జిగురుంది. ఉండమ్మా అని చెప్పి, గుడ్డకి తుడుచుకుని, అట్టల కట్ట మీద పాత పేపరు పరిచి కూర్చోమన్నాను. కుర్చీ వేద్దామంటే ఉన్న ఒక్కటీ మా దగ్గర కాగితాలు కోసే కటింగ్ తాతది.

మా ముందుగదే బైండింగు షాపు. ఒక పొడుగు బల్ల, మూలన కటింగ్ మెషిను, గోడవారగా అట్టలు. వెనక గది నుంచి ఇల్లు మొదలవుతుంది. మామగారు పెట్టిన షాపు ఇది. ఆయన తర్వాత మా ఆయనా, మా మరిదీ నడిపారు. ఆరేళ్ల కిందట మా ఆయన పోయారు. ఆ వారంలోనే మరిది ఈ బల్ల దగ్గర నిలబడి, "అన్నయ్య సగం ఇక మీదే వదినా. దిగులు పెట్టుకోకండి" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను బల్ల ముందు కూర్చున్నాను. కుట్టడం, జిగురు పెట్టడం, అట్టలకి క్యాలికో గుడ్డ అతికించడం, ఏ ఆర్డరు ఏ రోజుకివ్వాలో చూసుకోవడం నా వంతు. బయట తిరిగి పని తేవడం అతని వంతు. నేనూ, కాలేజీలో చదువుతున్న నా కూతురూ ఈ ఇంట్లో ఒకరి దయ అనుకోకుండా అన్నం తింటున్నామంటే ఆ సగం మాట వల్లే. దానికి కాగితమేమీ లేదు. సొంతవాళ్ల మధ్య కాగితమేమిటని నేనూ అడగలేదు.

"ఏ వ్యాపారాలు ఎలా నడుస్తున్నాయో తెలుసుకునే సర్వే అండీ. ఇరవై నిమిషాలు పడుతుంది" అంది ఆ అమ్మాయి. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. నా కూతురికంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. "ఓనరుగారున్నారా?"

"మా మరిదిగారు బయటికెళ్లారమ్మా. వచ్చేస్తారు."

"పర్లేదండీ, పని సంగతి తెలిసినవాళ్లు ఎవరు చెప్పినా రాసుకుంటాం."

సర్వేవాళ్లు వస్తారని మాకు తెలుసు. రెండు రోజుల కిందట పక్క తాళాల కొట్టుకి వెళ్లారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మరిది చెప్పాడు, "గవర్నమెంటు వాళ్లకి ఎంత తక్కువ చెబితే అంత మంచిది వదినా. మనం పెద్దవాళ్లమనుకుంటే ఏదో ఒక పన్ను తగిలిస్తారు" అని. మర్నాడు ఆ సంగతి చెబితే కటింగ్ తాత, "అయితే నా వయసు కూడా ఓ పదేళ్లు తగ్గించి చెప్పండమ్మా, సంబంధాలొస్తాయి" అన్నాడు.

ఆ అమ్మాయి మొదలుపెట్టింది. షాపు పెట్టి ఎన్నేళ్లయింది, గది సొంతమా అద్దెదా, కరెంటు మీటరు ఇంటిదా షాపుదా. అన్నీ చెప్పాను. తర్వాత అడిగింది.

"ఈ సంస్థ ఏ రకంగా నడుస్తోందండీ? ఒక్కరి సొంతమా, భాగస్వామ్యమా, కంపెనీయా?"

మాట నోటిదాకా వచ్చింది. కానీ ఇంటి మగవాడు లేనప్పుడు బయటిమనిషి ముందు సగం నాది అనడం బాగుండదనిపించింది. మా అత్తగారూ అంతే. మామగారికంటే ఎక్కువ పుస్తకాలు కుట్టిన మనిషి, ఎవరేమడిగినా "ఆయన్నడగండి" అనేవారు. పైగా ఇద్దరి పేర్లు చెబితే షాపు పెద్దదిగా కనబడుతుందేమో. తక్కువ చెప్పమన్నాడు కదా.

"ఒక్కరిదేనమ్మా. మా మరిదిగారిది" అన్నాను.

వేలితో నొక్కింది. "పనిచేసేవాళ్లు ఎంతమంది?"

"ఆయన, ఈ తాత."

తాత కత్తి కింద కాగితాలు సర్దుతూ తల తిప్పకుండానే అన్నాడు. "జీతం పుచ్చుకునేవాణ్ణి నేనొక్కణ్ణే పాపా. మిగతావాళ్లంతా ఓనర్లే."

ఆ అమ్మాయి నవ్వి, నా ముందున్న రిజిస్టర్ల దొంతర చూసింది. సూదీ దారమూ ఇంకా వాటిలోనే ఉన్నాయి. "మరి మీరు?"

"నేనా? ఖాళీ ఉన్నప్పుడు ఓ చెయ్యి వేస్తుంటాను."

"పొద్దున ఎన్నింటికి కూర్చుంటారు?"

"వంటయ్యాక. తొమ్మిదికి."

"సాయంత్రం?"

"ఆరు, ఏడు. స్కూళ్లు తెరిచే రోజుల్లో ఇంకాస్త."

"ఆదివారాలు?"

"సగం పూట."

మధ్యాహ్నం భోజనానికి గంట తీసేసి, ఆరింటిదాకానే ఆమె లెక్కవేసింది. "వారానికి యాభై రెండు గంటలు" అంది. ఆ అంకె విని నాకే సిగ్గేసింది, ఏదో దాచి దొరికిపోయినట్టు. "జీతం ఏమైనా తీసుకుంటారా?"

"ఇంట్లో మనిషికి జీతమేమిటమ్మా."

"అయితే జీతం లేని కుటుంబ సహాయకులు అన్న చోట మిమ్మల్ని వేస్తానండీ. ఒకరు."

ఆరేళ్లలో నన్నెవరూ అలా పిలవలేదు. అంటే ఏమీ పిలవలేదు, వదిన అని తప్ప. మార్చు అందామనుకుంటూ ఉండగానే బయట స్కూటరు ఆగింది. మరిది లోపలికొచ్చాడు. సంగతి తెలిసి, చల్లటి నీళ్లు తెప్పించనా అని ఆ అమ్మాయిని మర్యాదగా అడిగి, బల్లకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంకా నాలుగే ప్రశ్నలు సార్. మీరే వచ్చారు కాబట్టి మిమ్మల్నే అడుగుతాను. వచ్చే ఏడాదిలో ఈ వ్యాపారం ఇలాగే ఉంటుందా, ఏమైనా మార్పు ఉందా?"

ఇలాగే అని నేనే అనబోయాను. మరిది నావైపు చూడలేదు.

"మారుతుందండీ. భాగస్వామ్యం అవుతుంది. బస్టాండు వెనక గది తీసుకున్నాం, మెషిన్లు ఆర్డరిచ్చాం."

"భాగస్వాములు ఎంతమంది సార్?"

"ఇద్దరం. నేనూ, మా బావమరిదీ."

తాత మెషిను చక్రం తిప్పబోతూ ఆగాడు. బావమరిదంటే నా తోడికోడలి తమ్ముడు. నెలరోజులుగా వస్తున్నాడు, పోతున్నాడు. చుట్టపుచూపనుకుని రెండుసార్లు నేనే వడ్డించాను.

"అక్కడ పనివాళ్లు?"

"ముగ్గురు. మెషిను నడిపేవాళ్లు ఇద్దరు, తాతనీ తీసుకెళ్తాం."

"జీతం లేని సహాయకులు?"

మరిది బల్ల మీది దారపు ముక్క తీసి వేలికి చుట్టుకున్నాడు. "చేత్తో కుట్టే పని ఉండదు కదండీ అక్కడ. సున్నా వేసుకోండి."

వేసుకుంది.

ఎలా అడిగానో నాకే తెలియదు. "అమ్మా, ఇందాక ఒక్కరిదే అన్నాను చూడు. అది తిరిగి రాయడానికవుతుందా?"

ఆ అమ్మాయి నన్ను చూసి, మరిదిని చూసింది. వయసు చిన్నదే అయినా అర్థం చేసుకుంది. "ఓనరుగారు చెబితే మారుస్తానండీ" అంది నెమ్మదిగా.

మరిది వాచీ చూసుకున్నాడు.

నేను వీధి గుమ్మం దాకా వెళ్లాను ఆమెతో. "ఇది ఎవరికీ చూపించరండీ. ఊళ్లో అందరివీ కలిపి లెక్క తీస్తారంతే. దీనివల్ల మీకేమీ నష్టం రాదు" అంది. ఆ మాట నిజమే. నష్టం ఆ ట్యాబులోంచి రాలేదు. అది మా ఇంట్లో నెల రోజులుగా ఉంది. నాకు చెప్పడానికే ఎవరికీ వీలు కుదరలేదు.

లోపలికొచ్చేసరికి మరిది చెప్పులు వేసుకుంటున్నాడు.

"చెబుదామనే అనుకున్నాను వదినా."

"సగం అన్నావు."

"అన్నాను. కాదనను. కానీ అప్పులిచ్చేవాళ్లూ మెషిన్లిచ్చేవాళ్లూ నోటిమాట వింటారా? అతను పెట్టుబడి పెడుతున్నాడు. మీకు ఇంట్లో ఏం లోటు చేశాం? హాయిగా రెస్టు తీసుకోండి. ఇన్నాళ్లూ కష్టపడ్డారు."

"నేను రెస్టు అడగలేదు."

"అదే కదా మీతో" అని నవ్వే ప్రయత్నం చేశాడు. "అయినా ఓనర్ని నేనని మీరే చెప్పారటగా."

అతని కోసమే అలా చెప్పానని అనాలనుకున్నాను. అన్నా ఏమొస్తుంది? స్కూటరు వెళ్లిపోయింది. తాత చాలాసేపు కాగితాలు సర్దుతూనే ఉన్నాడు. చివరికి, "నేను వెళ్లనని చెబుతానమ్మా" అన్నాడు. ఈ వయసులో ఇంకెక్కడికి పోతావు తాతా, వెళ్లు అన్నాను.

నాలుగో రోజు సర్వే ఆఫీసు నుంచి నాకు ఫోనొచ్చింది. జవాబులు చెప్పింది నేను కాబట్టి నా నంబరే రాసుకున్నారు. ఎవరో మగమనిషి, తొందర గొంతు.

"మా అమ్మాయి వచ్చి వివరాలు తీసుకుందా అండీ? చదువుతాను, సరైనవో కాదో చెప్పండి. సంస్థ రకం, ఒక్కరి సొంతం."

"కాదండీ" అన్నాను. "నేనూ భాగస్తురాలినే. నాది సగం."

"ఒప్పంద పత్రం ఏమైనా ఉందా?"

"లేదండీ. నోటిమాట."

"నోటిమాటైనా రాసుకుంటామమ్మా, మాకు కాగితమే ఉండాలని లేదు. కాకపోతే ముందు మీరే ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకొకటి అంటున్నారు. ఆ రెండోవారు ఔనంటే చాలు. ఉన్నారా పక్కన?"

ఉన్నాడు. కొత్త గదికి పంపడానికి తాతా అతనూ కటింగ్ మెషిను బోల్టులు విప్పుతున్నారు. ఒక్క మాట చాలన్నాడు ఫోనులో మనిషి. దానికి డబ్బు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఎక్కడా పనికిరాని మాటే అది. అయినా ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా అనిపించింది నాకు.

ఫోను మరిదికిచ్చాను. "సర్వేవాళ్లు. మన షాపు ఇద్దరిదీనా అని అడుగుతున్నారు" అన్నాను.

నూనె చేత్తోనే పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి మాట విన్నాడు. ఒకసారి నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"లేదండీ, నా ఒక్కడిదే. ఆవిడ ఇంట్లో మనిషి. అవునండీ, ముందు చెప్పిందే కరెక్టు."

ఫోను చొక్కాకి తుడిచి నాకిచ్చాడు. "ఏదో వెరిఫికేషనట వదినా. అయిపోయింది" అని, ఆగి, "ఆ రెంచి ఇలా అందిస్తారా?" అన్నాడు.

అందించాను.